కెమెరా ఇంట్లో పెట్టి హార్బర్‌కి వెళ్ళండి: మీడియా పరిశోధనకు ఒక విశాఖ మార్గదర్శి

ఏప్రిల్ దగ్గర పడుతుందంటే జర్నలిజం చదివే పిల్లలు రెండు మూడు జట్లయినా నా దగ్గరికి వస్తారు. "సార్, మత్స్యకారుల మీద డాక్యుమెంటరీ తీద్దామనుకుంటున్నాం." సరే, వాళ్ళ గురించి ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కాసేపాగి ఎవరో ఒకరు "వాళ్ళ కష్టాలు సార్" అంటారు. కష్టాలున్నాయని ముందే తేల్చేసుకున్నాక ఇక పరిశోధన దేనికి? వెళ్ళి నాలుగు దిగులు మొహాలు తీసుకుని రావడమే మిగిలింది.

సినిమా తీసేవాళ్ళు చేసే పరిశోధన వేరు, థీసిస్ రాసేవాళ్ళు చేసేది వేరు అని తరగతుల్లో విడదీసి చెబుతారు. నాకు అంత తేడా కనిపించదు. అడగడం, వినడం, లెక్కపెట్టడం, సరిచూసుకోవడం ఇద్దరికీ ఒకటే. అందుకే ఒకే అంశాన్ని పట్టుకుని రెండు దారుల్లోనూ నడిపిస్తాను. అంశం వేట నిషేధం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లను సముద్రంలోకి వెళ్ళనివ్వరు. ఇంజన్ లేని తెప్పలకు మినహాయింపు. ఆ రెండు నెలలూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు ఒకదాన్నొకటి ఆనుకుని కట్టేసి ఉంటాయి.

ముందు ప్రశ్న

వేట నిషేధం అన్నది అంశం, ప్రశ్న కాదు. "నిషేధం రోజుల్లో బోటు కళాసీ (బోటులో పనిచేసే కూలి) ఇంట్లో ఖర్చు ఎవరి చేతి మీద నడుస్తుంది?" ఇది ప్రశ్న. దీంతో ఇరవై నిమిషాల డాక్యుమెంటరీ తీయొచ్చు. "నిషేధం గురించి మన పేపర్ల విశాఖ సిటీ పేజీల్లో వచ్చే వార్తల్లో ఎవరు మాట్లాడతారు? అధికారా, బోటు యజమానా, కళాసీయా, చేపలమ్మే ఆవిడా?" ఇదీ ప్రశ్నే. దీంతో ప్రాజెక్టు రిపోర్టు రాయొచ్చు.

ప్రశ్న పనికొస్తుందో లేదో చూసుకోవడానికి నేను వాడే పరీక్ష ఒకటుంది. మీరు ఊహిస్తున్న జవాబు రాయండి. దానికి ఎదురు జవాబు కూడా రాయండి. ఎదురు జవాబు రావడం అసాధ్యం అనిపిస్తే అది ప్రశ్న కాదు, మీ అభిప్రాయం. "మీడియా మత్స్యకారులను నిర్లక్ష్యం చేస్తోందా?" అని రాసుకొచ్చిన అబ్బాయికి ఇదే చెప్పాను. ఎంత రాస్తే నిర్లక్ష్యం కాదో వాడి దగ్గర కొలత లేదు.

పద్ధతి ప్రశ్న వెనకే వస్తుంది. ఎన్ని, ఎంత, ఎన్నిసార్లు అని అడిగితే లెక్కపెట్టాలి. ఎలా, ఎందుకు అని అడిగితే వెళ్ళి కూర్చుని వినాలి. "మేం సర్వే చేస్తాం సార్, ప్రశ్న తర్వాత చూసుకుంటాం" అనేవాళ్ళు ప్రయాణం ఎక్కడికో తెలియకుండా ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి కూర్చున్నట్టే.

ఉన్నదాన్ని చదవడం

ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్ళ డాక్టర్ వి.ఎస్.కృష్ణా గ్రంథాలయం, ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఊళ్ళోనే ఉన్నాయి. పాత పత్రికల ఫైళ్ళు ఏ సంవత్సరం నుంచి చూడనిస్తారో ఫోన్ చేసి అడిగాకే బయల్దేరండి.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. హార్బర్ వార్తలు ఉండేది మెయిన్ పేపర్లో కాదు, సిటీ పేజీల్లో. హైదరాబాద్ ఎడిషన్ ఇ-పేపర్ తెరిచి చదివి "వార్తలే లేవు" అని రాస్తే మీ రిపోర్టు మొదటి పేజీలోనే తప్పు. 1974 ఆగస్టు 10న ఈనాడు మొదలైంది ఈ ఊళ్ళోనే. అలాంటి ఊరి పత్రికా రంగం గురించి రాస్తూ ఏ ఎడిషన్ చదివారో చెప్పకపోతే ఎలా?

ఇ-పేపర్లో ఒక్క మాట కొట్టి వెతికితే సగం వార్తలు దొరకవు. అదే సంగతిని ఒకరు "వేట నిషేధం" అంటారు, ఇంకొకరు "వేటకు విరామం" అంటారు, మరొకరు "తీరానికి చేరిన బోట్లు" అని శీర్షిక పెడతారు. చాలా ఇ-పేపర్లు బొమ్మల రూపంలో ఉంటాయి, తెలుగు అక్షరాలను యంత్రం సరిగ్గా చదవలేదు. కాబట్టి కళ్ళతో పేజీ పేజీ తిప్పాల్సిందే. విసుగే, కానీ అలా తిప్పుతుంటేనే నిషేధం వార్త పక్కన ఏ ప్రకటన ఉందో, ఏ మూలకి నెట్టారో కనిపిస్తుంది.

సర్కారు లెక్కలు కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఎన్ని బోట్లు నమోదయ్యాయి, నిషేధ భృతి (వేట లేని రోజులకు సర్కారు ఇచ్చే డబ్బు) ఎంతమందికి వచ్చింది లాంటివి అందులో అడగొచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయాల్లో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10. జవాబుకు గడువు 30 రోజులు. ఏప్రిల్ 15న పెడితే మే సగం అయ్యాక జవాబు వస్తుంది, అది సరిపోక అప్పీలుకు వెళ్తే ఈలోపు బోట్లు వేటకు వెళ్ళిపోతాయి. ఫిబ్రవరిలోనే పెట్టేయండి.

మూడు పొద్దులు, కెమెరా లేకుండా

ఈ సలహాకి అందరూ మొహం చిట్లిస్తారు. నా మొదటి పని నేనూ ఇలాగే పాడు చేసుకున్నాను. మొదటి రోజే కెమెరా భుజాన వేసుకుని వెళ్ళాను. వల కుడుతున్న పెద్దాయన తలెత్తి "ఏ ఛానల్ బాబూ?" అని అడిగాడు. అంతే, పక్కనున్న నలుగురూ సర్దుకుని కూర్చున్నారు. ఆయన గొంతు మారింది, "ప్రభుత్వం వెంటనే స్పందించి" అని వార్తల భాషలోకి దిగాడు. ఆ తర్వాత వారం రోజులు తిరిగినా ఆయన నాతో మాట్లాడలేదు, కెమెరాతోనే మాట్లాడాడు.

కాబట్టి మూడు ఉదయాలు చేతిలో చిన్న నోటుబుక్కుతో మాత్రమే వెళ్ళండి. మే నెలలో విశాఖలో ఐదున్నర కాకముందే వెలుతురు వచ్చేస్తుంది, ఐదింటికల్లా అక్కడ ఉండాలి. పేజీని నిలువుగా రెండుగా మడవండి. ఎడమ వైపు కంటికి కనబడింది, చెవికి వినబడింది మాత్రమే. కుడి వైపు మీకు అనిపించింది. "బోటు మీద ముగ్గురు రంగు వేస్తున్నారు, ఒకడు పద్నాలుగేళ్ళ వాడిలా ఉన్నాడు" అన్నది ఎడమ. "స్కూలు మానేసి ఉంటాడు" అన్నది కుడి. వేసవి సెలవులని గుర్తొస్తే కుడి వైపు దాన్ని కొట్టేయాలి. ఈ గీత లేకపోతే నెల తర్వాత మీ ఊహలే మీకు వాస్తవాల్లా కనిపిస్తాయి.

నిషేధంలో హార్బర్ ఖాళీగా ఉంటుందని వెళ్ళనివాళ్ళు అనుకుంటారు. వెళ్ళి చూస్తే ఇంజన్లు విప్పి బాగుచేస్తుంటారు, చెక్కలు మారుస్తుంటారు, వలలు అల్లుతుంటారు. ఆ పనికి కూలి ఎవరికి, ఎవరికి కాదు అన్నది మీ ప్రశ్నకు తలుపు తెరుస్తుంది. ఇది ఇంట్లో కూర్చుని ఊహించగలిగేది కాదు.

ఆ మూడు పొద్దుల్లోనే నిర్మాణానికి కావాల్సిన రెక్కీ కూడా అయిపోవాలి. వెలుతురు ఏ గంటకు ఎటు నుంచి పడుతోంది, వెల్డింగ్ చప్పుడు ఎప్పుడు ఆగుతుంది, సముద్రపు గాలి మైకులో ఎంత కొడుతోంది చూసుకోండి. కాలర్ మైకుకి బొచ్చు తొడుగు లేకుండా ఇక్కడ ఒక్క వాక్యం కూడా శుభ్రంగా రాదు. డ్రోన్ ఆలోచన ఉంటే ముందు డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే సర్కారు డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ రంగులో ఉందో చూడండి. పక్కనే పోర్టు, నౌకాదళ స్థావరాలు, విమానాశ్రయం కూడా నౌకాదళానిదే. విశాఖలో "ఒక్క షాట్ ఎగరేసి దించేద్దాం" అన్న మాట పనికిరాదు.

ఇంటర్వ్యూ

ఎవరిని అడగాలన్నది మొదటి చిక్కు. సంఘం నాయకుడు సులువుగా దొరుకుతాడు, చక్కగా మాట్లాడతాడు, అందుకే ప్రతి వార్తలోనూ ఆయనే ఉంటాడు. ఆయనతో మొదలుపెట్టండి, తప్పులేదు. కానీ ఒకరు చూపిన మనిషి దగ్గరికి, ఆ మనిషి చూపిన ఇంకొకరి దగ్గరికి వెళ్తూ పోతే అంతా ఒకే చుట్టరికంలో తిరుగుతారు. కనీసం మూడు వేర్వేరు కొసల నుంచి మొదలవ్వాలి. ఒక సరంగు (బోటు నడిపేవాడు), ఒక కళాసీ, ఎండుచేపలు అమ్మే ఒకావిడ. కొత్త ఇంటర్వ్యూల్లో కొత్త సంగతి రావడం ఆగిపోయినప్పుడు ఆపండి. ఇలాంటి చిన్న ప్రశ్నకు పన్నెండు, పదిహేను మందితో ఆ స్థితి వచ్చేస్తుందని నా అనుభవం.

"నిషేధం వల్ల చాలా కష్టాలు పడుతున్నారు కదండీ?" అని అడిగితే "అవును బాబూ" అన్న జవాబు తప్ప వేరేది రాదు. మర్యాదకైనా అవునంటారు. దాని బదులు "ఏప్రిల్ 15 అయ్యాక మొదటి వారం మీ ఇంట్లో ఎలా గడిచింది?" అని అడగండి. లేదా "నిన్న సామాను ఎక్కడ తెచ్చుకున్నారు, డబ్బులు ఎవరిచ్చారు?" నిన్నటి రోజు అందరికీ గుర్తుంటుంది. "సాధారణంగా" అని మొదలయ్యే ప్రశ్నకు సాధారణమైన జవాబే వస్తుంది.

ఒకసారి ఎండుచేపలు ఆరబెడుతున్న ఒకావిడని భృతి వచ్చిందా అమ్మా అని అడిగాను. "వచ్చింది" అంది. నేను పుస్తకంలో టిక్కు పెట్టుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్ళబోయాను. గొంతులో ఏదో తేడా అనిపించి ఆగాను. ఐదారు సెకన్లు ఏమీ అనలేదు. ఆవిడే చేప తిరగేస్తూ, "ఆయన కాతాలో పడ్డాయి, నా సేతికి రాలేదు గదా" అంది. నా ప్రశ్నకు అసలు జవాబు అది. ఆ ఐదు సెకన్లు ఓపిక పట్టడమే ఇంటర్వ్యూలో కష్టమైన పని.

ఆ మాటను రాతలో ఎక్కించేటప్పుడు "ఆయన ఖాతాలో జమ అయ్యాయి" అని దిద్దకండి. జాలరిపేట (మత్స్యకారుల పేట) మాట జాలరిపేట మాటలాగే ఉండాలి. "సేతికి" అన్నది "చేతికి" అయితే మనిషే మారిపోతుంది. మౌనాన్ని కూడా బ్రాకెట్లో ఎన్ని సెకన్లో రాయండి, ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఆ మౌనమే మీ కట్ అవుతుంది. గంట ఇంటర్వ్యూ రాయడానికి ఐదారు గంటలు పడుతుంది. యంత్రంతో రాయించుకోవచ్చు గానీ ఉత్తరాంధ్ర మాటను అది ఊహించి దిద్దేస్తుంది, కాబట్టి చెవి పెట్టి సరిచూడాలి.

లెక్కపెట్టడం

ఇప్పుడు రెండో ప్రశ్న, పత్రికల్లో మాట్లాడేది ఎవరని. దీన్ని కంటెంట్ అనాలిసిస్ అంటారు. పైకి బయటపడి కనిపించే విషయాన్ని ఒక క్రమంలో, ఎవరు చేసినా అదే ఫలితం వచ్చేలా లెక్కించడం అని బెర్నార్డ్ బెరెల్సన్ 1952లో ఇచ్చిన నిర్వచనం సారాంశం. "ఎవరు చేసినా" అన్నదే అసలు కిటుకు.

రెండు పేపర్లు, ఒక ఏడాది నిషేధ కాలం అయితే 122 సంచికలు. దీనికి నమూనా తీయకండి, మొత్తం చదవండి. ఐదేళ్ళు చూడాలనుకుంటేనే నమూనా కావాలి. అప్పుడు ఏడాదికి ఒక సోమవారం, ఒక మంగళవారం అంటూ చీటీలు తీసి ఒక కృత్రిమ వారం తయారు చేస్తారు. ఆదివారం పేపర్ వేరుగా ఉంటుంది కాబట్టి వరసగా ఏడు రోజులు తీసేకంటే ఇది మేలు. కాకపోతే ఏప్రిల్ 15, జూన్ 14 దగ్గర వార్తలు గుంపుగా వస్తాయి. చీటీల్లో ఆ రోజులు పడకపోతే అసలు హడావిడే జారిపోతుంది. ఆ నాలుగైదు రోజుల్ని విడిగా చదివి విడిగా చూపించండి.

తర్వాత కోడ్ పుస్తకం. ప్రతి వార్తకూ తేదీ, పేజీ, నిడివి, ఫొటో ఉందా, నేరుగా మాట వేసింది ఎవరిది అన్న గడులు. గీసుకోవడం సులువే. ఇద్దరు మనుషులు విడివిడిగా అవే 50 వార్తలు చదివి నింపినప్పుడు బండారం బయటపడుతుంది. మా పిల్లలు చేసిన ఒక ప్రయత్నం చూడండి. "మత్స్యకారుడి మాట ఉందా?" అన్న గడిలో ఇద్దరూ ఉంది అన్నవి 20, ఇద్దరూ లేదు అన్నవి 22. మొదటి అమ్మాయి ఉంది అంటే రెండో అబ్బాయి లేదన్నవి 5, అమ్మాయి లేదంటే అబ్బాయి ఉంది అన్నవి 3. అంటే 50లో 42, 84 శాతం కలిసింది. సంబరపడ్డారు. ఆగండి అన్నాను. గుడ్డిగా నింపినా కొన్ని కలుస్తాయి కదా. అమ్మాయి 25 సార్లు ఉంది అంది, అబ్బాయి 23 సార్లు. ఊరికే కలిసే అవకాశం ఉంది వైపు 0.50 × 0.46 = 0.23, లేదు వైపు 0.50 × 0.54 = 0.27, కలిపి 0.50. దాన్ని తీసేసి చూస్తే (0.84 − 0.50) ÷ (1 − 0.50) = 0.68. దీన్నే కోహెన్ కప్పా అంటారు. మామూలుగా 0.80 దాటాలని అడుగుతారు.

తేడా వచ్చిన ఆ ఎనిమిది వార్తలూ తీసి చూశాం. అమ్మాయి ఉంది అన్న ఐదింట్లోనూ ఒకటే గొడవ. బోటు యజమానుల సంఘం నాయకుడు మాట్లాడితే అది మత్స్యకారుడి మాట అని అమ్మాయి, కాదు నాయకుడి మాట అని అబ్బాయి. కోడ్ పుస్తకంలో "తానే స్వయంగా సముద్రంలోకి వెళ్ళే మనిషి మాట మాత్రమే" అని ఒక్క వాక్యం చేర్చి, కొత్త 50 వార్తలతో మళ్ళీ చేశారు. ఆ ఒక్క వాక్యం రాయడానికి పట్టిన రెండు గంటల వాదనే ఆ ప్రాజెక్టులో పరిశోధన అని నేనంటాను. మిగతాదంతా గడులు నింపడం.

సర్వే, అవసరమైతేనే

అందరికీ ముందు తట్టేది ఇదే, అందుకే తక్కువ చెబుతాను. 95 శాతం నమ్మకంతో, అటూ ఇటూ 5 శాతం తేడాలో చెప్పాలంటే 384 మంది కావాలి, అదీ జాబితా నుంచి చీటీ తీసినట్టు ఎంచుకుంటేనే. 100 మంది అయితే తేడా 10 శాతం దాకా పోతుంది. వాట్సాప్ గ్రూపులో ఫారం పంపి వచ్చిన 100 జవాబులకు ఈ లెక్క వర్తించదు. అవి మీ స్నేహితుల అభిప్రాయాలు, అంతే.

హార్బర్ దగ్గర మరో సంగతి. ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్తే "ఏ స్కీమండీ?" అంటారు. పథకానికి లెక్క రాస్తున్నారనుకుంటే ఆదాయం తగ్గుతుంది, ఇంట్లో మనుషుల సంఖ్య మారుతుంది. కాగితం, పెన్నూ, కాలేజీ ఐడీ కార్డుతో వెళ్ళి ముందే చెప్పండి. ప్రశ్నలు పది మంది మీద ప్రయోగించి చూశాకే మిగతావాళ్ళ దగ్గరికి వెళ్ళండి. "కొంతవరకు ఏకీభవిస్తాను" అన్న మాట మన నోట ఎప్పుడూ రాదు. "కొద్దిగా నిజమే" అని రాయండి.

చూసేవాళ్ళ దగ్గరికి

1968 అమెరికా ఎన్నికలప్పుడు మెక్‌కోంబ్స్, షా అనే ఇద్దరు చాపెల్ హిల్ అనే ఊళ్ళో ఎవరికి ఓటేయాలో తేల్చుకోని 100 మందిని మీకు ముఖ్యమైన సమస్యలేవని అడిగి, ఆ వరసను మీడియా ఇచ్చిన వరసతో పోల్చారు. రెండూ బాగా కలిశాయి. అదే పని ఇక్కడ చేయొచ్చు. సిటీ పేజీల్లో మే నెల సమస్యల వరస ఒక పక్క, జాలరిపేట ఇంటివాళ్ళు చెప్పిన వరస ఇంకో పక్క. పైన లెక్కపెట్టింది, ఇక్కడ అడిగింది, రెండూ కలిపితేనే ఈ పద్ధతి.

ఇంకో దారి స్టువర్ట్ హాల్ 1973లో చెప్పింది. ఒకే వార్తను కొందరు పంపినవాళ్ళు అనుకున్నట్టే తీసుకుంటారు, కొందరు కొంత ఒప్పుకుని కొంత బేరమాడతారు, కొందరు ఎదురు అర్థం తీస్తారు. నిషేధం మీద ఒక టీవీ ఛానల్ వేసిన మూడు నిమిషాల వార్త తీసుకోండి. కళాసీ ఇంట్లో చూపించండి, ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్‌లో చూపించండి. ఏమీ వివరించకుండా "ఇందులో ఏం చెప్పారు?" అని మాత్రం అడగండి. "చేపలు పెరగాలి కదా, మంచిదే" అని ఒక ఇంట్లో, "ఆ బోటు మాది కాదు, ఆ డ్రైవరు నిషేధంలో కూలికి పోయినోడు" అని మరో ఇంట్లో. తెర మీద ఉన్నది ఒకటే, చూసింది రెండు.

రేటింగులు, యూట్యూబ్ లెక్కలు నిర్మాతలకు ప్రాణం. ఎంతమంది చూశారో, ఎక్కడ వదిలేసి వెళ్ళారో అవి చెబుతాయి. ఎందుకు వెళ్ళారో చెప్పవు. గ్రాఫ్ పడిపోయిన చోట ఉన్న షాట్ తీసి నలుగురికి చూపించి అడిగితేనే తెలుస్తుంది.

నిజమో కాదో

2023 నవంబర్ 19 రాత్రి హార్బర్‌లో మంటలు లేచి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. మొదటి రెండు రోజుల వార్తల్లో ఒక యూట్యూబర్ చుట్టూ అనుమానం తిరిగింది. కొన్ని రోజులకు పోలీసులు వేరే ఇద్దరిని నిందితులుగా చూపించారు. మీడియా చదివేవాళ్ళకు ఇది మంచి పాఠ్యాంశం. మొదటి రోజు శీర్షికల్లో "అనుమానం" అన్న మాట ఎవరి నోట పెట్టారు, "పోలీసులు చెప్పారు" అని ఉందా, లేక ఎవరూ చెప్పకుండానే వాక్యం పూర్తయిందా, దిద్దుబాటుకు ఎంత చోటిచ్చారు అన్నవి కోడ్ పుస్తకంలో గడులు అవుతాయి.

నిర్మాణం వైపు నుంచి నా తప్పు ఒకటి చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పటి దృశ్యాలు కావాల్సి వచ్చింది. వాట్సాప్‌లో వచ్చిన ఒక ఫొటో, బోటు రోడ్డు మీద పడి ఉంది, అద్భుతంగా ఉంది, వాడేశాను. ఒక సరంగు చూసి "ఆ బోటు ముక్కు మన తీరం బోటు కాదండీ" అన్నాడు. వెనక్కి వెతికితే వేరే దేశం ఫొటో. అప్పటి నుంచి ప్రతి ఫొటోనీ గూగుల్‌లో బొమ్మ పెట్టి వెతుకుతాను, తీసినవాడి పేరు, తేదీ తెలియకపోతే వదిలేస్తాను. ఆపైన తీరం మనిషికి ఒకసారి చూపిస్తాను.

ఒప్పుకోలు

ఇంగ్లీషు ఒప్పంద పత్రం మీద వేలిముద్ర తీసుకోవడం ఒప్పుకోలు కాదు. కెమెరా ఆన్ చేశాక తెలుగులో చెప్పండి. మేమెవరం, ఇది ఎక్కడ చూపిస్తాం, ఏ తేదీ దాకా మీరు వద్దనొచ్చు. వాళ్ళు సరే అన్నది కూడా ఆ ఫుటేజ్‌లోనే ఉంటుంది. భృతి గురించి చెప్పిన ఆవిడని నేను తెర మీద పెట్టలేదు. మాట వాడాను, మొహం వాడలేదు, ఎందుకంటే ఆవిడ భర్త కూడా ఆ సినిమా చూస్తాడు. నేరాల కేసుల్లో ఉన్న పిల్లలు, లైంగిక దాడి బాధితుల విషయంలో అయితే గుర్తు తెలిసేలా చూపించడమే చట్టరీత్యా నేరం.

రోజూ సాయంత్రం ఫుటేజ్, నోట్సు మూడు చోట్ల దాచండి, అందులో ఒకటి వేరే ఇంట్లో. మనుషుల పేర్లకు బదులు అంకెలు పెట్టి, ఏ అంకె ఎవరో రాసిన కాగితం విడిగా ఉంచండి.

కాగితం మీద కోత

షూటింగుకు ముందే ఇంటర్వ్యూ రాతప్రతులు ప్రింటు తీసి, కత్తెరతో కోసి, నేల మీద పరచండి. ఒకే సంగతి మీద పడిన ముక్కలు పక్కపక్కన పెట్టండి. ఎక్కడ ఒకరి మాట ఇంకొకరి మాటను కాదంటోందో అక్కడ మీ సన్నివేశం ఉంది. మా నేల మీద "భృతి" కుప్పలో సరంగుల ముక్కలన్నీ "వచ్చింది" అన్నాయి, ఆడవాళ్ళ ముక్కలు "చేతికి రాలేదు" అన్నాయి. స్క్రిప్టు అక్కడి నుంచే మొదలైంది. రిపోర్టు రాసేవాళ్ళు ఆ కుప్పలకే థీమ్‌లని పేరు పెడతారు.

పైపైన కోసి అతికిన మొదటి కూర్పును (రఫ్ కట్) హార్బర్‌కి తీసుకెళ్ళి లాప్‌టాప్‌లో చూపించండి. ఇది జూన్ 10 లోపల అయిపోవాలి. ఆ తర్వాత బోట్లలోకి ఐస్, డీజిల్, సామాను ఎక్కించడం మొదలవుతుంది, ఎవరికీ కూర్చునే తీరిక ఉండదు. 14 అర్ధరాత్రి దాటితే బోట్లు వెళ్ళిపోతాయి, మళ్ళీ పది పదిహేను రోజుల దాకా మనుషులు దొరకరు.

మేం చూపించినప్పుడు అందరూ సరే అన్నారు. ఒక్క కళాసీ మాత్రం నాలుగో నిమిషం దగ్గర ఆపమన్నాడు. మేం "ఖాళీగా ఉన్న హార్బర్" అని గొంతు పెట్టిన చోట అది. "అక్కడ ఖాళీ ఎక్కడుందండీ, మేం ఇంజన్ దింపుతున్నాం గదా" అన్నాడు. వాక్యం తీసేశాం. అక్కడ ఇప్పుడు స్పానరు చప్పుడు మాత్రమే ఉంది.